మడతపెట్టిన చొక్కాలు

“అమ్మమ్మ కాఫీ కెటిల్ పోయింది! ఆయనే తీశాడు!” అంటూ ఓర్నెల్లా అతిథి పెట్టె తెరిచేసింది.

కూతురు జినెవ్రా చెయ్యి పట్టుకుంది. “వద్దమ్మా! మన లుక్కా ఊరు చూడ్డానికొచ్చిన పెద్దాయన రెనాతో గారు, కారిపోయే కెటిల్ ఎందుకెత్తుకుపోతారు?”

“నీకేం తెలుసు? అద్దెకు గదీ, పొద్దుటి టిఫినూ అని ఇంటికి బోర్డు పెట్టినప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఇవాళ కెటిల్, రేపు మన పీకలు!”

ఉండలుగా కుక్కిన చొక్కాలన్నీ తీసి చూసింది. కెటిల్ లేదు. కింద తలుపు చప్పుడవగానే అన్నీ లోపల పెట్టి మూసేసింది.

రెనాతో గారు కెటిల్‌తోనే వచ్చారు. “పొద్దున కారుతోందని విసుక్కున్నారుగా. కోటగోడ చూసొస్తూ కొత్త వాషరు వేయించాను. కొట్టువాడు సబ్బుతో తోమబోతే, లోపల ఇన్నేళ్లుగా పట్టిన కాఫీ రుచి పోతుందని ఆపాను. చెప్పకుండా పట్టుకెళ్లాను, ఏమనుకోకండి.”

ఓర్నెల్లా కాఫీ పెట్టింది. ఒక్క చుక్క కారలేదు.

గదిలోకి వెళ్లిన ఆయన వెంటనే గుమ్మంలోకి తిరిగొచ్చారు. “నా చొక్కాలు మడతపెట్టారా అమ్మా? మా ఆవిడ పోయాక నా బట్టలు ముట్టుకున్నవాళ్లే లేరు.”

వెతుకుతూనే అలవాటు కొద్దీ చేతులు ఎప్పుడు మడతపెట్టాయో! కూతురి ముఖం చూడలేక, చక్కెర వెయ్యని కప్పులో ఓర్నెల్లా చెంచా తిప్పుతూ ఉండిపోయింది.