మూడు పంటల జింకు

"అమ్మకానికి లేదు! ఎల్లిపోండి!"

గట్టు మీది మనిషి ఇంకా నోరే తెరవలేదు. నారాయణమ్మ కేకకు ఉలిక్కిపడి, కాలు జారి, దమ్ము చేసిన మడిలో మోకాలి దాకా దిగబడిపోయాడు.

నారాయణమ్మకు నవ్వు ఆగలేదు.

"ఓలమ్మో! తెల్ల సొక్కా ఏసుకొని మడిలోకెవులు దిగమన్నారు బాబూ?"

"నాను దిగలేదప్పా, నువ్వే దింపినావు," అన్నాడాయన అక్క వరస కలుపుతూ, బురదలో చెప్పు కోసం తడుముకుంటూ.

తగరపువలస దాటి తెల్లచొక్కాతో గట్ల వెంట తిరిగేవాడు ప్లాట్ల బ్రోకరు తప్ప ఇంకొకడు కాడని ఆ చుట్టుపక్కల అందరికీ గట్టి నమ్మకం. పైగా ఈయన నాలుగు గట్లూ చుట్టి మరీ చూశాడు. నారాయణమ్మకు ఇంకేం కావాలి?

ఆ ఎకరం ఆమెది కాదు. మద్దిలపాలెంలో ఉండే భీమశంకరరావు గారిది. ఎనిమిదేళ్లుగా ఆమె కౌలుకు చేస్తోంది. మొన్న ఆయన ఫోన్ చేసి, "ఈ పంట కోసుకో, తర్వాత సంగతి నేను చెబుతాను," అన్నారు. అప్పట్నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. అమ్మేస్తున్నారు, అంతే! మధురవాడలో వాచ్‌మన్‌గా చేస్తున్న భర్త సూరన్న, "ఆ మడి మీద ఆశ ఒగ్గీయ్," అనేశాడు. ఒగ్గేయడం ఆమె వల్ల అయితేగా!

"ఏటి సల్లుతన్నావప్పా?" చెప్పు దొరకబుచ్చుకుని అడిగాడాయన.

"జింకు. కిందటేడు ఆకులన్నీ తుప్పట్టినట్టు అయిపోనాయి. మట్టి పరీచ్చ సేయిత్తే జింకు లేదన్నారు. కూరలో ఉప్పులాగ కూసింతే గావాలంట. ఆ కూసింతా లేకపోతే ఎన్ని బస్తాలేసినా దండగేనంట."

"దానికింత కష్టమెందుకు? నాట్లేసినాక నీళ్లల్లో కలిపి ఆకు మీద కొట్టీయ్. ఈ పంటకి సరిపోద్ది. మట్టిలో ఏత్తే మూడు పంటల దాకా ఉండిపోద్ది."

"తెలుసు."

"మరి పొలం నీదేనా?"

"కౌలు. ఈ పంటే ఆకరు. ఆ ముక్క తెలిసేగదా నువ్వొచ్చినావు!"

ఆయన చెప్పు తొడుక్కోలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఆకరని తెలిసీ మూడు పంటలకి ఏత్తన్నావా? రేపు ఇంకొకలు దున్నితే?"

"దున్నితే ఏటి? ఆళ్లూ అన్నమేగా తింటారు! ఇన్నేళ్లు నాకు పెట్టినాదీ మట్టి. దానికి జబ్బని తెలిసీ, నా పంట మటుకు గట్టెక్కించుకొని పోతే నాకు ముద్ద దిగుద్దేటి? మీరు ప్లాట్లేసీసినా గడ్డయినా పచ్చగా మొలుత్తాది, పో!"

తన మాటకు తనే పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"అప్పా, నాను ప్లాట్ల..."

"నువ్వేటీ సెప్పొద్దు. ఎలాగూ దిగినావు గదా, ఆ తొట్టి ఇలాగందుకో!"

ఆయన ప్యాంటు మడిచాడు. జింకును ఇసుకలో కలిపి, తొట్టె చంకన పెట్టుకుని చల్లడం మొదలుపెట్టాడు. నారాయణమ్మ తన పని ఆపి ఆ చెయ్యి తిప్పడం చూసింది. ఎక్కడా ఎక్కువ పడడం లేదు, ఎక్కడా తక్కువ పడడం లేదు.

"బ్రోకర్లకి ఇదెక్కడ నేర్పుతారు బాబూ?"

"మా అయ్య నేర్పినాడు."

ఎండ ముదిరేసరికి మడంతా అయిపోయింది. గట్టు మీద కూర్చుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ ఇద్దరూ చోడంబలి తాగారు. ఆయన అడిగి మరీ ఇంకో గిన్నె పోయించుకున్నాడు. బండి ఎక్కబోతూ మళ్లీ ఏదో చెప్పాలని చూశాడు గానీ, నారాయణమ్మ చెప్పనిస్తేగా!

"మీవోళ్లకి సెప్పు, ఈ మట్టి మీద సిమెంటేత్తే పాపం తగులుద్దని!"

నాట్ల రోజున మడి నిండా ఆడవాళ్లు. ఒకటే కబుర్లు, ఒకటే నవ్వులు. ఆ సందట్లో ఫోన్ మోగింది. భీమశంకరరావు గారు!

నారాయణమ్మ చేతిలోని నారుకట్ట వదిలేసింది. బురద చేత్తోనే ఫోనెత్తింది.

"నారాయణమ్మా, పొలం నువ్వే చేసుకో. ఇంకో మూడు పంటల దాకా నిన్ను కదపను. సరేనా?"

ఆమె వేసిన కేకకు మడిలో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆడవాళ్లంతా పనులు ఆపి చూశారు. నారాయణమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో వాళ్లకు తెలియలేదు.

"సల్లగుండాలి బాబూ! మరి... ప్లాట్లకి అమ్మీడం లేదా?"

"అమ్మడమా? నీకెవరు చెప్పారు? వచ్చే పంట నుంచి గవర్రాజని పద్మనాభం వైపు రైతుకు కౌలుకిద్దామనుకున్నాను. పాపం, వాళ్ల భూమి రోడ్డు కింద పోయింది. ఏడాదిగా నా చుట్టూ తిరుగుతున్నాడు, కాదనలేక మాటిచ్చాను. మొన్న పొలం చూసొస్తానని వెళ్లి, తిరిగొచ్చి వద్దన్నాడు."

నారాయణమ్మ ఆ రోజు అంబలి తాగిన గట్టు వైపు చూసింది. అంతసేపు పక్కన కూర్చోబెట్టుకుని, మనిషి పేరైనా అడగలేదు తను.

"ఎందుకొద్దన్నాడు బాబూ?"

"'ఆవిడ మూడు పంటలకి వొండి పెట్టింది బాబూ, ఆవిడిని పీట మీంచి లేపీసి ఆ కంచం ముందు నాను కూకోలేను' అన్నాడమ్మా."