అతుకు కింది పటం

“ఇంతకంటే పాతది లేదా బాబాయిగారూ?”

పటాల గది గుమాస్తా కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నాలుగు రోజులుగా ఆమెది ఇదే ప్రశ్న. చంకలో రెండేళ్ల పాప, భుజాన మందు సీసాల సంచి. ఈ పిల్ల తల్లి నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు.

వానలు పడితే చాలు, పేట మునిగిపోతోంది. ఎప్పుడో పూడ్చేసిన పాత కాలువను మళ్లీ తవ్వబోతున్నారు. పాత పటాల్లో కాలువ మీద పడిన ఇళ్లు తీసేసి, వాళ్లకు మిట్ట మీది కొత్త భవనంలో వాటాలిస్తారు. పక్కన పడినవి అలాగే ఉంటాయి. ఎవరి సందు పటం వాళ్లే వెతికించుకుని, నకలు మీద ముద్ర వేయించి దాఖలు చేసుకోవాలి. ఇవాళే ఆఖరు.

నిజానికి మొదటిరోజే గుమాస్తా ఒక పటం తీశాడు. అందులో ఆమె ఇల్లు కాలువకు పది అడుగుల ఇవతలే ఉంది. నకలు తీసుకుని వెళ్లమన్నాడు. ఆమె కదల్లేదు. రెండు పటాలకు తేడా వస్తే పాతదే చెల్లుతుందని తానే నోరు జారాడు మరి. అప్పట్నుంచీ రోజూ రావడం, పటాల గొట్టాలన్నీ దింపించడం. ఒక్క పటాన్ని నమ్ముకోలేని భయం కాబోలనుకుని ఆయనా విసుక్కోలేదు.

ఇంటి సంగతులు ఆమే ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ మూడు గదులూ మామగారు సొంత చేతుల్తో కట్టుకున్నవట. ముద్ర లేకుండా గడప తొక్కొద్దన్నాడట భర్త. నాలుగో అంతస్తెక్కి పావురంలా కూర్చోవడం తన వల్ల కాదని అత్తగారు మంచం కోడు పట్టుకుని కూర్చుందట. ఆ మాట చెప్పి నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“పాపకి దగ్గు తగ్గలేదా అమ్మా?”

“మునిగిన ఇల్లు, గోడల చెమ్మ ఆరడం లేదు. పడుకోబెడితే ఎగశ్వాస వస్తోందండీ. భుజాన వేసుకుని కూర్చునే నిద్రపుచ్చుతున్నా.”

గుమాస్తా నిచ్చెనెక్కి చిట్టచివరి రేకు గొట్టం దింపాడు. గుడ్డకు అంటించిన పటం. బల్ల మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టాడు. ఆమె సందు దొరికింది. కాలువ వంపు తిరిగి దూరంగా పోయింది.

“ఇంతకంటే పాతది ఇక లేదు. నీ ఇల్లు నిక్షేపంగా ఉంది, పో.”

ఆమె వేలు పటం మీద మెల్లగా పాకి ఒకచోట ఆగింది.

“ఇక్కడ ఎత్తుగా ఉందేమండీ?”

ఆయన వంగి చూశాడు. పూర్వం వీధి మారితే పటమంతా మళ్లీ గీసేవారు కాదు. మారిన మేరకు చిన్న కాగితం గీసి పైన అతికించేవారు. చాకు మొనతో అంచు లేపాడు. కింద నీలిగీత వెలిసిపోయి ఉంది. అసలు కాలువ వంపే తిరగలేదు. తిన్నగా వచ్చి ఆమె వంటింట్లోంచే పోయింది. స్థలాలు అమ్ముకోవడానికి ఎవరో నీళ్లను కాగితం మీద పక్కకు జరిపేశారు.

ఆమె చాలాసేపు ఆ గీతకేసే చూస్తూ నిలబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాప దగ్గుతూ తల్లి భుజం మీదే మళ్లీ కళ్లు మూసుకుంది.

గుమాస్తా మనసు అదోలా అయిపోయింది. ఇన్నేళ్ల కొలువులో తప్పు నకలు ఒక్కటీ ఇచ్చినవాడు కాదు. తలుపు వైపు ఒకసారి చూసి, అతుకును బొటనవేలితో అణిచేశాడు.

“ఏడవకమ్మా. దీన్ని నువ్వూ నేనూ తప్ప ఎవరూ చూడలేదు. కాలువ కనబడితేనే కదా ఇల్లు పోయేది. అతుకు మీదుగానే నకలు తీసి ముద్ర కొట్టేస్తా. నా ఉద్యోగానికి ఇదొక్క తప్పు, అంతే.”

కాగితం పరిచి పెన్సిలు అందుకున్నాడు. ఆమె చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

“కాలువ కనబడేలా తీయండి బాబాయిగారూ.”