ఎవరు చేసిన పిట్ట

"ఒరేయ్, ఆ చివరి పిట్టకి రంగు వేసింది నువ్వేనా?" అన్నాడు వడ్రంగి, బైనాక్యులర్స్ కళ్ళకి అదిమిపెట్టుకుని.

"నేనెందుకేస్తాను బావా? అంత మాసిపోయిన రంగు నా డబ్బాల్లోనే లేదు," అన్నాడు పెయింటరు. అతను వడ్రంగి భార్యకి తమ్ముడు. ఆ ధీమాతో తప్పెప్పుడూ తన మీద వేసుకోడు.

ఇద్దరూ సముద్రం ఒడ్డున, పక్షుల రక్షిత కేంద్రంలోని చెక్కగదిలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా నీళ్ళకి అవతల ఇసుక దిబ్బ. దాని మీద వాళ్ళు ఫొటో చూసి చేసిన చెక్కపిట్టలు, నల్లటోపీ పెట్టినట్టున్న తలలు ఎత్తుకుని నిలబడి ఉన్నాయి. అసలు పిట్టని దగ్గర్లో చూసిన పాపాన పోలేదు ఇద్దరూ.

ఒకప్పుడు ఆ దిబ్బ మీద కాలు పెట్టే చోటు లేకుండా గూళ్ళుండేవి. తుఫానొకటి గుడ్లతో సహా ఊడ్చుకుపోయింది. తన జాతి పిట్టలు కనబడితేనే ఆ పిట్ట దిగుతుంది. ఖాళీ చోటుని నమ్మదు. అందుకే ఈ చెక్కపిట్టలు. ఏళ్ళు గడిచినా ఏదీ దిగలేదు. సాయంత్రానికల్లా వాటిని ఏరుకొచ్చెయ్యమని పైనుంచి ఆర్డరు వచ్చింది. తీసేసేలోగా తమ పని ఒక్కసారి చూసుకుందామని బావా బావమరిదీ వచ్చారు.

"అదిగో, పైన చూడండి," అంది వాళ్ళ వెనక నిలబడి ఉన్న కేంద్రం ఆఫీసరమ్మ.

తలెత్తిన వడ్రంగి అలాగే ఉండిపోయాడు. ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా రెక్కలే. ఒక గుంపు దాటితే వెనకే ఇంకో గుంపు.

"ఎక్కణ్ణించమ్మా ఇవన్నీ?"

"భూమి అవతలి కొస నుంచి. దారంతా నీళ్ళే. దారి చెప్పేవాళ్ళుండరు."

"అరచేతిలో పట్టే ప్రాణం కదమ్మా!" అన్నాడు వడ్రంగి. ఇన్నాళ్ళ తన ఉలి పని ఆ రెక్కల ముందు ఏపాటిది అనిపించింది.

గుంపులన్నీ దిబ్బ మీదుగానే వెళ్ళిపోయాయి. "ఆ దిబ్బ నిండటం చూడకుండానే రిటైరైపోతానేమో," అంటూ ఆఫీసరమ్మ మొహం తిప్పుకుంది.

ఆమెని నవ్విద్దామని పెయింటరు మళ్ళీ మొదలెట్టాడు. "నిజం చెప్పు బావా. ఆ పిట్ట నీ చేతి పనే. మెడ పెట్టడం మర్చిపోయావు."

"నా చేతిలోంచి అలాంటిదొస్తే ఉలి పట్టడం మానేస్తా. కాళ్ళేవిరా దానికి? పొట్ట ఇసకలో దిగబడిపోయింది. పైగా అన్నీ అటు చూస్తుంటే అదొక్కటే గాలికి ఎదురుగా ఇటు తిరిగి కూర్చుంది. మేకు సరిగ్గా కొట్టలేదు."

"మేకులు కొట్టింది నేను కాదు."

"రంగూ నువ్వు కాదు, మేకూ నువ్వు కాదు. మరి ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఆఫీసరమ్మకి నవ్వొచ్చింది. "ఇలా ఇవ్వండి, నేను తీర్పు చెప్తాను," అని బైనాక్యులర్స్ అందుకుంది.

వాటిని ఆ చివరి పిట్ట మీదికి తిప్పి, అక్కడే ఆపేసింది. కింద, చెక్కపిట్టల్ని ఏరుకురావడానికి వెళ్ళే బోటు ఇంజను మొదలైంది. ఆమె చెయ్యి తడుముకుంటూ వెళ్ళి కిటికీ చెక్కని గట్టిగా పట్టుకుంది.

"ఇంజను ఆపమనండి," అంది గుసగుసగా.

"ఎందుకమ్మా? ఇంతకీ ఎవరు చేశారు దాన్ని?"

ఆమె బైనాక్యులర్స్ వడ్రంగి కళ్ళకి పెట్టింది.

మెడ లేని పిట్ట మెడ చాచి, పొట్ట కింది గుడ్డు సర్దుకుంటోంది.