నత్తి ఇంజన్

"ఇంజన్ ఒక్కటీ వదిలెయ్. మిగతావన్నీ మార్చెయ్," అన్నాడు పడవ నడిపే సరంగు.

మెకానిక్ రెంచీ కింద పెట్టాడు. ఆయన నోరూ, ఆయన బాగుచేసే ఇంజన్లూ ఒకటే రకం. ఒకసారి స్టార్టయితే ఆపడం కష్టం.

"అందరూ పడవ ఉంచుకుని ఇంజన్ మారుస్తారయ్యా. నువ్వేంటి తిరగేసి చెప్తున్నావ్? ఈ గేరుకున్న పళ్ల కంటే మా తాత నోట్లో పళ్లు నయం. ఆయన పోయే ముందు సంగతి చెప్తున్నా! అయినా దీని మీద నీకింత ప్రేమ ఎప్పట్నుంచి? చెవుల్లో దూది పెట్టుకునేవాడివి కదా!"

సరంగు నవ్వలేదు. "ఇంజన్ అదే ఉండాలి."

చేపలు పట్టే ఆ ట్రాలర్ షెడ్డులో దుంగల మీద ఒరిగి ఉంది. గాలివానలో రాళ్లకు కొట్టుకుని పక్కటెముకలు బయటపెట్టింది. ఆ రోజు దాన్ని ఎక్కింది అన్నదమ్ములిద్దరు. తిరిగొచ్చింది ఒక్కడు, ఈ సరంగు. వచ్చినవాడు గుమ్మంలో నిలబడితే, చూపు లేని తల్లి తడిసిన ఆ మొహాన్ని రెండు చేతులతో తడిమి ఒకటే అడిగింది.

"పెద్దోడేనా?"

"ఊ."

ఆమె చిన్నోడి కోసం గొంతు పోయేదాకా ఏడ్చింది. అతను ఏడవలేదు. అక్షరమాలలో మిగతా అక్షరాలన్నీ ఆ నీళ్లలోనే మునిగిపోయినట్టు, అప్పట్నుంచి ఆమె ఏమడిగినా 'ఊ' ఒక్కటే. ఆ ఊ కూడా ఉప్పునీళ్లు తాగి బొంగురుపోయింది. ఆ ఇంట్లో గాలివాన ఊసెత్తకూడదని గట్టు మీద అందరూ ఒక మాటనుకున్నారు.

ఆమె తిండి మానేసింది. కంచం ముందు కూచోవడం, రెండు మెతుకులు కెలకడం, లేచిపోవడం. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "తినకపోతే నా మందులు కూడా ఏం చెయ్యలేవమ్మా," అన్నాడు.

"ఇంట్లో కూచుంటే నువ్వు నువ్వులా లేవురా," అంది ఒకరోజు కొడుకుతో. "నీ పడవ మోత ఒకసారి వినబడనీ. ఆ పూట కడుపునిండా తింటా. ఒట్టు."

అదీ సంగతి. కిటికీ కింద కాలువలోంచి ఏ పడవ వెళ్లినా అది ఎవరిదో ఆమె చెవితోనే చెప్పేస్తుంది. ఇరుగుపొరుగు ఇంజన్లు అరుస్తాయి. పెద్దోడి ఇంజన్ మాట్లాడుతుంది, అదీ నత్తితో. డుగ్ డుగ్ డుగ్, ఒక గుటక, మళ్లీ డుగ్.

కాబట్టి చెక్కలు మారాయి. పంపు, చక్రం, దీపాలు మారాయి. పడవకి కొత్త రంగు పడింది గానీ సరంగు మొహంలోకి మాత్రం రంగు రాలేదు. పొద్దున్నే షెడ్డుకి రావడం, ఇంజన్ పక్కన కూచోవడం, పనివాళ్లు జరగమంటే జరగడం. టీ ఇస్తే తాగేవాడు. ఇవ్వకపోతే తాగినట్టే కూచునేవాడు.

ట్రాలర్ నీళ్లలోకి దిగింది. చక్రాన్ని అతను పట్టుకున్నట్టు లేదు, చక్రమే అతన్ని పట్టుకున్నట్టుంది. ఇంటి కిటికీ కిందుగా ఒక చుట్టు తిప్పి, గట్టుకి కట్టేసి, మెట్లెక్కి ఇంటికెళ్లాడు.

అమ్మ కంచం పక్కకి జరిపేసింది.

"ఎవరిదో కొత్త పడవ వెళ్లింది. మనది ఎప్పుడురా?"

అతను ఎక్కిన మెట్లే దిగి షెడ్డుకి వచ్చాడు.

"ఇంజన్‌ని ఏం చేశావ్?"

మెకానిక్ ఛాతీ ఉబ్బింది. "అడక్కుండానే చేశా! డీజిల్ చిమ్మే నాజిల్ ఒకటి పాడై ఇంజన్ దెబ్బ తప్పుతోంటే కొత్తది వేశా. ఊరికే నట్లు బిగించి వదిలేస్తానా? నత్తి కూడా పోగొట్టా!"

"పాతది వెయ్."

"ఏంటీ?"

"అమ్మ గుర్తుపట్టలేదు."

మెకానిక్ నోరు దానంతటదే ఆగిపోయింది. "నా బుద్ధి గడ్డి తింది బాబూ," అన్నాడు మెల్లిగా. "దెబ్బ తప్పుతుంటే నా చెయ్యి ఊరుకోదు."

పాత నాజిల్ షెడ్డు వెనక ఇనప తుక్కులో పడేశాడట. ఇద్దరూ మోకాళ్ల మీద కూచుని కెలికారు. విరిగిన మేకులు, తెగిన గొలుసులు, దేనిదో తెలియని మూతలు. సరంగు వేలు తెగింది. రక్తం చూసి మెకానిక్కే "అబ్బా!" అన్నాడు.

"వేలు నీదయ్యా! అరుపు కూడా నేనే అరవాలా?"

"ఊ."

చివరికి దొరికింది.

"ఇన్నేళ్లూ తప్పులు విప్పి బతికా. తప్పుని బిగించడం ఇదే మొదలు," అని గొణుక్కుంటూ బిగించాడు మెకానిక్.

సాయంత్రం ట్రాలర్ మళ్లీ కాలువలోకి వచ్చింది. డుగ్ డుగ్ డుగ్. గుటక. డుగ్.

అతను మెట్లెక్కేసరికి తలుపు తెరిచే ఉంది. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. అతని చెయ్యి అందుకుని లోపలికి లాక్కెళ్లింది.

"నా పెద్దోడొచ్చాడు!" అంది ఇల్లంతా వినబడేలా, ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా.

కంచం పెట్టుకుంది. తింది. మళ్లీ వడ్డించుకుంది. మధ్యలో ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ తింది. అతను ఎదురుగా కూచుని చూశాడు. ఏదో ఒకటి అనిపించాలి. ఏమీ అనిపించలేదు.

కింద కాలువలో, పడవలోనే ఉండిపోయిన మెకానిక్ ఇంకా ఇంజన్ ఆపలేదు. కావాలనే ఆపలేదు.

అమ్మ చెయ్యి నోటి దగ్గర ఆగింది.

"ఈ మోత మన చిన్నోడికి కూడా వినబడుతోందంటావా, పెద్దోడా?"

"వినబడుతోందమ్మా," అన్నాడు చిన్నోడు.