ఆదివారం దాకా చొక్కాలు

"నేను వెళ్ళిపోతున్నాను, క్లోవిస్. ఆదివారం దాకా నీ చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టాను. సోమవారం నుంచి నువ్వే చేసుకో."

ఆ మాటల్ని లొరీన్ దారి పొడుగునా నోట్లోనే చెప్పుకుంటూ వచ్చింది. మొగుడు పాటలు కట్టే గది గుమ్మంలో నిలబడి, చేతిలో పెట్టె కిందికి దించకుండా అనేసింది. ఇక మొగుడు గిటారు పక్కన పడేసి లేస్తాడు, అరుస్తాడు, అనుకుంది.

క్లోవిస్ లేచాడు. గిటారు మాత్రం వదల్లేదు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"డెల్బర్ట్! విన్నావా?"

"విన్నాను గురూ! ఒళ్ళు జలదరించింది!" డెల్బర్ట్ అప్పటికే పెన్సిల్ పట్టుకున్నాడు. "ఆదివారం దాకా చొక్కాలు! అబ్బ! లొరీనమ్మా, నువ్వు దేవతవి!"

అమెరికాలో పాటలకి పేరుపడ్డ ఊరు నాష్‌విల్. అక్కడ ఆ వీధంతా పాటలు కట్టే ఇళ్ళే. పోస్టు తెచ్చినవాడు ఎండ గురించి విసుక్కున్నా దాంతో పల్లవి మొదలుపెట్టేస్తారు. పైగా ఆ రోజు రెండింటికల్లా గాయని డార్లా కింకేడ్ స్టూడియోలో ఉంటుంది. ఆమె రికార్డుకి ఒక్క పాట తక్కువైంది. పొద్దున్నుంచీ మొగుడూ, అతని జోడీ డెల్బర్టూ గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

"నేను పాట చెప్పడానికి రాలేదు," అంది లొరీన్.

"అది కూడా రాసుకో, డెల్బర్ట్!" అన్నాడు క్లోవిస్ తీగలు మీటుతూ.

లొరీన్‌కి ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. అంతలో డెల్బర్ట్ గొంతెత్తాడు.

"కన్నీళ్ళు చల్లి చల్లి చొక్కాలు ఇస్త్రీ చేశానూ..."

"ఎవరయ్యా ఏడ్చింది?" లొరీన్ గుమ్మం దాటి లోపలికొచ్చేసింది. "రేడియోలో బేస్‌బాల్ వింటూ చేశాను. మనవాళ్ళు గెలిచారు కూడా!"

డెల్బర్ట్ నోరు తెరుచుకుని చూశాడు. "రేడియోలో ఆట! క్లోవిస్, ఆవిడ ఏడవలేదు! ఏడుపు కంటే ఇదే గట్టిగా తగుల్తుంది!"

"సరే, ఇల్లు వదిలి పోతూ ఏం పట్టుకెళ్తుంది?" క్లోవిస్ కాలితో తాళం వేస్తున్నాడు. "పెళ్ళి ఫొటో?"

"పెళ్ళి ఫొటో ఏం చేసుకుంటుంది, నీ మొహం! ఇనప పెనం. వాళ్ళమ్మది," అంది లొరీన్.

"పెనం పాటలో పడుతుందా?"

"ఎందుకు పడదు!" డెల్బర్ట్ బల్ల మీద కొట్టాడు. "దేశంలో ఇంటికో పెనం ఉంది!"

"మరి వెళ్తున్నానని ఎవరితోనైనా చెప్పిందా?"

"కుక్కతో చెప్పింది," అంది లొరీన్. "కుక్కకి అర్థమైంది."

అంతే! ముగ్గురూ ఒకేసారి పాడటం మొదలుపెట్టారు. క్లోవిస్ వరస పైకి తీసుకెళ్తే, కాదు కిందికి దించాలంది లొరీన్. దించి చూశాక అతనికి ఒప్పుకోక తప్పలేదు. పక్క గదిలోవాళ్ళు గోడ బాదారు. డెల్బర్ట్ కూడా తిరిగి గోడ బాదాడు. లొరీన్ చెప్పు మడమతో నేల మీద దరువేస్తోంది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. పెళ్ళయ్యాక ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అంత సంతోషంగా ఎప్పుడుందో ఆమెకే గుర్తు లేదు. ఇన్నాళ్ళూ ఈయన ఇంటికి తీసుకురాకుండా ఇక్కడ దాచుకున్నది ఇదా, అనుకుంది.

"ఇక మూడో చరణం!" క్లోవిస్ చెమట తుడుచుకున్నాడు. "ఆవిడ బస్టాండుకి చేరింది. తర్వాత?"

"తర్వాతేముంది, ఎక్కుతుంది."

"ఏ ఊరికి?"

"టల్సా. వాళ్ళక్క దగ్గరికి." లొరీన్ సంచిలోంచి టికెట్టు తీసి చూసింది. "ఒంటిగంట బస్సు."

క్లోవిస్ కూడా టికెట్టు చూశాడు. దానిమీద ఆ రోజు తేదీ ఉంది. తర్వాత ఆమె పెట్టె చూశాడు. తీగల మీద వేళ్ళు ఆగిపోయాయి.

"లొరీన్... ఇది పాట కాదా?"

"కాదని ముందే చెప్పాను. దాన్నీ రాసుకోమన్నావు."

క్లోవిస్ గిటారు నేల మీద పెట్టేశాడు. ఆమె కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"వెళ్ళకు. ఇన్నేళ్ళూ విడిచిపోయే ఆడవాళ్ళ మీదే పాటలు కట్టాను. ఇంట్లో ఉన్నదాని మీద ఒక్కటీ కట్టలేదు. నువ్వున్నావు కదా, ఉన్నవాళ్ళ మీద పాటెందుకనుకున్నాను. నలిగిన చొక్కాతో తిరుగుతాను, లొరీన్. చొక్కా లేకుండా తిరుగుతాను. సాయంత్రం తలుపు తీసేసరికి ఆ ఇంట్లో దీపం వెలుగుతుండాలి, అంతే. దాన్ని వెలిగించింది నువ్వై ఉండాలి."

డెల్బర్ట్ మొహం పక్కకి తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

లొరీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లగా వంగి అతని చెంప నిమిరింది. క్లోవిస్ మొహం వెలిగిపోయింది.

"ఇదే మూడో చరణం, క్లోవిస్," అంది లొరీన్, డెల్బర్ట్ చేతిలోంచి పెన్సిల్ లాక్కుంటూ. "మళ్ళీ మొదట్నుంచీ చెప్పు, మెల్లగా. నా బస్సుకి ఇంకా అరగంట ఉంది."