పట్టుచీర పరీక్ష

మా తీరంలో సైరన్ మోగితే అందరూ ముందు మేడెక్కి ఆరేసిన బట్టలు తీసుకోవాలి. కాసేపటికి రాకెట్ లేస్తుంది, పేలుతుంది, నిప్పురవ్వలు ఊరి మీద రాలుతాయి.

రిటైరయ్యేదాకా నేనూ రాకెట్లే కట్టాను. ఒక్క ఇంజను కోసం పదిహేనేళ్లు నేలమీదే పరీక్షలు చేశాం, ప్రతి అతుకూ తడిమి చూశాకే ఎగరేశాం. నా కోడలు హిమజ పనిచేసే కంపెనీ నెలకొకటి పేలుస్తుంది. పేలిన ప్రతిసారీ ఉద్యోగులకు లడ్డూల డబ్బా ఇస్తుంది.

"పేలితేనే కదత్తయ్యా తప్పెక్కడుందో తెలిసేది!" అంది హిమజ పొద్దున అట్టు తింటూ. "మీలాగా తడుముకుంటూ కూర్చుంటే మేం ముసలాళ్లమైపోతాం."

"ఎదురింటి పోలమ్మ వలలు మొన్న కాలి బూడిదయ్యాయి. దాని కూడు పోయింది. అదేం తెలుసుకోవాలే?"

"చిన్న నష్టమేలెండి. మాకు డేటా వచ్చింది."

నా ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం సైరన్ మోగింది. మేడెక్కి అందరి బట్టలూ తీసుకొచ్చాను, ఒక్కటి తప్ప.

సాయంత్రం హిమజ లడ్డూల డబ్బాతో వచ్చి మేడెక్కింది. మరుక్షణం కేక వినిపించింది. గాలికి ఆరేసిన తన పెళ్లి పట్టుచీర జల్లెడైపోయి ఉంది.

"దీన్నెందుకు వదిలేశారత్తయ్యా?"

"వదల్లేదమ్మా, పరీక్షించాను. తూర్పు కొసన ఉంటే కాలుతుందని తేలింది. వచ్చే నెల నీ ఇంకో పట్టుచీర పడమటి కొసన వేసి చూస్తాను."

దాని డబ్బాలోంచే ఒక లడ్డూ తీసి దాని చేతిలో పెట్టాను.

"తిను. చిన్న నష్టమేలే. నాకు డేటా వచ్చింది."