కంచు ఈకల వంశాచారం

గ్రీసు దేశంలో కొండల నడుమ, రెల్లు దట్టంగా పెరిగిన ఓ సరస్సు. అక్కడ ఒకప్పుడు కంచు ఈకల రాకాసి పక్షులుండేవట, ఈక విసిరితే మనిషి చచ్చేవాడట. తానూ ఆ వంశమేనని ముసలి నీటికోడి ఒకటి రోజూ పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి చెప్పేది.

ఒకనాడు ఓ మేక వచ్చి, గూళ్లున్న రెల్లును పరపరా మేయసాగింది.

"తాతా, గుడ్లు తొక్కేస్తుంది! ఒక్క ఈక విసురు!" అంది కప్ప.

ఇక తప్పుతుందా? నీటికోడి రొమ్ము విరుచుకుని మేక ముందుకెళ్లింది. "నేనెవరో తెలుసా?"

మేక వినలేదు. ఈగ వాలితే తల విదిలించింది. మెడలో కంచు గంట గణగణమంది. అంతే, నీటికోడి అవతలి ఒడ్డున తేలింది.

కప్ప రొప్పుతూ ఈదుకొచ్చింది. "ఇదేంటి తాతా?"

"మా వంశాచారమే! ఆనాడు ఓ వీరుడు కంచు గిలక్కాయలు మోగిస్తే మావాళ్లంతా ఎగిరిపోయారు."

"ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదేం?"

"గంట ఎప్పుడూ మోగలేదుగా!"

ఇవతల, కథ వినే తీరిక లేక గుడ్ల మీదే కూర్చునే నీటికోడి పెళ్లాం, మేక ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. మేక గంట మోగించుకుంటూ పరుగు తీసింది.

నీటికోడి మళ్లీ వంశాచారం పాటించింది.